టీపాయి చుట్టూ కటా

సూర్యాపేట సంతోష్ ఎన్‌క్లేవ్ కాలనీల వరుసగ మూడు పుస్తెలతాళ్లు పోయినయ్. మొదటి రెండు కిరాయి ఇండ్లల్ల ఉండేటోళ్లవి కాబట్టి కాలనీ సంఘం విచారం తెలిపి ఊకున్నది. మూడోది కోశాధికారి భార్యది. ఆ ఆదివారమే అత్యవసర మీటింగు పెట్టిండ్రు. కెమెరాలు పెడదామంటే ఎవల గేటు దిక్కు తిప్పాల్నో తెగలే. వాచ్‌మన్‌ను పెడదామంటే వాడు ఎవలింట్ల బాత్రూముకు పోవాలె అన్న కాడ ఆగింది. ఆఖరుకు సంఘం సెక్రటరీ భాస్కర్ లేచి, మన ఆడోళ్లకు కరాటే నేర్పిద్దాం అన్నడు. దొంగల సంగతి ఆడోళ్లకు ఒప్పజెప్పి మొగోళ్లు మిర్చి బజ్జీలు తిని ఇండ్లకు పోయిండ్రు.

భాస్కర్ భార్య శ్రీలత. నలభై నాలుగేండ్లు. నడిగూడెం దిక్కు ఒక సర్కారు బడిల టీచరు. సెక్రటరీ భార్యే రాకపోతే బాగుండదని ఆమెను కూడ పొమ్మన్నడు. బాగుండదు అనే మాట మీద వాళ్ల సంసారం ఇరవై ఏండ్ల సంది నడుస్తుంది.

నేర్పేటాయన పేరు రెడ్యా. మఠంపల్లి దిక్కు తండా పిల్లగాడు, ముప్ఫై ఏండ్లుంటయ్, బ్లాక్ బెల్టు. సాయంత్రం పూట కాలనీ హాల్ల పిల్లలకు క్లాసులు చెప్పుకుంటడు. హాలు కిరాయి తీసుకోం, బదులుగ పొద్దుగాల ఆడోళ్లకు చెప్పాలె అని సంఘం తీర్మానం చేసింది. రెడ్యాను అడిగి చేసిన తీర్మానం కాదు, చేసినంక చెప్పిండ్రు.

మొదటి రోజు పన్నెండు మంది వచ్చిండ్రు. నైటీ మీద చున్నీ వేసుకొని తొమ్మిది మంది, చుడీదార్ల ఇద్దరు, కొడుకు స్కూల్ ట్రాక్‌ప్యాంటు తొడుక్కొని ప్రమీల. ప్రమీల పుస్తెలతాడు పోయిన కోశాధికారి భార్యే. కాబట్టి బాధితురాలి హోదాల ముందు వరుసల నిలబడ్డది.

రెడ్యా అందరి ముందల ఒక కటా, అంటే వరుస తప్పని కదలికల పాఠం, చేసి సూపెట్టిండు. తైక్యోకు షోదాన్ అని దాని పేరు. కరాటేల అ ఆల లెక్క. ఇరవై కదలికలు. ఎడమకు తిరిగి కింద అడ్డు పెట్టాలె, ముందుకడుగేసి గుద్దాలె. వెనక్కి తిరిగి మళ్ల గట్లనే. తర్వాత నేరుగ మూడడుగులు, మూడు గుద్దులు, మూడో గుద్దుకు ఒక కేక. అవతలి చివర మళ్ల అటు ఒకటి, ఇటు ఒకటి. మళ్ల మూడడుగులు వెనక్కి. నేల మీద గీసి సూస్తే ఇంగ్లీషు ఐ అక్షరం. ఏడ మొదలు పెట్టినవో గాడికే వచ్చి నిలబడాలె.

"గింతేనా మాస్టర్?" అన్నది ప్రమీల.

"గింతే మేడం. జర సక్కగ చేసుడే కష్టం."

"దొంగ కూడ గిట్లనే నాలుగు దిక్కులకెళ్లి వస్తడా?"

అందరు నవ్విండ్రు. రెడ్యా కూడ నవ్విండు. హాలు ఆయనకు కావాలె.

పదిహేను రోజుల్లనే క్లాసు ఒక పద్ధతికి వచ్చింది. ఆరింటికి క్లాసంటే ఆరుంబావుకు వస్తరు, ఆరున్నరకు ఫొటో దిగుతరు. ఆ ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపుల పడంగనే మొగోళ్లు ఇంట్ల మంచం మీదికెళ్లే దండం పెట్టే బొమ్మలు పంపుతరు. మిగిలిన టైముల కటా చేస్తరు. రెడ్యా ఎవ్వల్ని ఏమనడు. చెయ్యి ఎటు పోయినా, కాలు ఎటు పోయినా, "మంచిగుంది మేడం" అంటడు.

శ్రీలతను మాత్రం అన్నడు.

"వెనక కాలు మడిమ లేస్తుందక్కా. మళ్ల."

ఆమె మళ్ల చేసింది.

"గుద్దే చెయ్యి కాదు, వెనక్కి గుంజే చెయ్యి సూడు. అది నడుం కాడికి రావాలె. మళ్ల."

మళ్ల చేసింది.

"తిరిగేటప్పుడు ఫస్టు కండ్లు తిరగాలె, తర్వాత ఒళ్లు. నువ్వు ఎటు పోతున్నవో సూడకుండనే పోతున్నవ్. మళ్ల."

అందరి ముందల గట్లంటే వేరేటోళ్లయితే అలిగి పోదురు. శ్రీలత ఇంటికొచ్చి పొయ్యి మీద పాలు పొంగుతుంటే వెనక్కి గుంజే చెయ్యి గురించి ఆలోచించింది. పందొమ్మిదేండ్ల సంది ఆమె బడిల ఎవ్వల్ని ఫెయిల్ చెయ్యలే. చెయ్యొద్దని రూలు. పేరు రాయరాని పిల్లగాడు కూడ పై తరగతికి పోతడు. ఆమె పాఠాన్ని కూడ ఎవలు ఫెయిల్ చెయ్యలే. తనిఖీకి వచ్చినాయన రిజిస్టర్ల సంతకం చేసి, బడి జామచెట్టు కాయలు కోపిచ్చుకొని పోయేటోడు. ఇంట్ల భాస్కర్ ఫోన్‌లకెళ్లి తల ఎత్తకుండ కూర బాగుంది అంటడు, ఒక్కోసారి కూర వెయ్యకముందే అంటడు. ఆమె చేసిన పనిని కండ్లార సూసి తప్పయింది అని చెప్పిన మనిషి, ఇన్నేండ్లల్ల రెడ్యా ఒక్కడే.

మూడు నెలలకు ఎల్లో బెల్టు పరీక్ష అన్నడు రెడ్యా. కోదాడకెళ్లి ఆయన గురువు దావీదు మాస్టర్ వస్తడు, మిర్యాలగూడల పెడతరు. శ్రీలత మనసుల ఒకటే పెట్టుకున్నది. ఆ పెద్దాయన ముందల ఒక్కసారి, ఇరవైకి ఇరవై, తప్పు లేకుండ చెయ్యాలె. బెల్టు రంగు ఏదైనా ఆమెకు ఒకటే.

చేద్దామంటే ఇంట్ల జాగ లేదు. జాగ ఉన్నది గని దాంట్ల టీపాయి ఉన్నది.

మూడు బెడ్రూముల ఇల్లు. హాలు పెద్దదే. ఆ హాల్ల సోఫా సెట్టు, నాలుగేండ్ల సంది ప్లాస్టిక్ కవర్ తియ్యనిది. సోఫా ఖరాబ్ కావొద్దని ఇంటోళ్లు కింద కూసుంటరు, సుట్టాలొస్తే ప్లాస్టిక్ మీద కూసుంటరు. దాని ముందల గ్రానైటు టీపాయి. పనామె రోజు తుడిచేటప్పుడు జరుపుతుందని, జరిపితే టైల్స్ మీద గీతలు పడతయని, భాస్కర్ దాని నాలుగు కాళ్ల కింద రెండు దిక్కుల అంటుకునే టేపు పెట్టి నేలకు అతికిచ్చిండు. భూకంపం వస్తే ఇల్లు పోతది గని టీపాయి కదలదు.

"జర టీపాయి పక్కకు పెడదామండీ. మూడు నెలలు," అన్నది శ్రీలత.

"కరాటే మూడు నెలలే. టీపాయి పర్మనెంటు," అన్నడు భాస్కర్. "నువ్వే జర పక్కకెళ్లి చేసుకో. గంత పట్టింపేందే? బ్రూస్లీని చేస్తరా నిన్ను?"

ఆమె పక్కకెళ్లి చేసుకున్నది. బడికెళ్లి వచ్చినంక సాయంత్రం ఇరవై సార్లు, ఆదివారం నలభై సార్లు. మడిమ లేస్తలేదు. వెనక్కి గుంజే చెయ్యి నడుం కాడికి సప్పుడు చేసుకుంట వస్తుంది. కండ్లు ముందు తిరుగుతున్నయ్. పోయేటప్పుడు మూడడుగుల కాడ రెండో అడుగు కొద్దిగ కుడికి పడతది, టీపాయి అంచు మోకాలికి తగలకుండ. మొదటి వారం సూసుకొని వేసింది. తర్వాత కాలే సూసుకున్నది.

కాలనీ హాల్ల ఇది ఎవలకు తెలువలే. ఆడ పన్నెండు మంది, నూటేబై ప్లాస్టిక్ కుర్చీలు, పోయిన వినాయక చవితి మండపం కర్రలు. మూడడుగులు నిండుగ వేసే జాగ ఎవలకు లేదు. అందరు ఒకరి మీద ఒకరు పడుకుంట చేస్తుంటరు కాబట్టి, ఎవల అడుగు ఎందుకు వంకర పోయిందో రెడ్యాకు కూడ అందలే.

పరీక్ష రోజు ఆదివారం. స్కూలు బస్సు మాట్లాడుకొని మిర్యాలగూడ పోయిండ్రు. పరీక్షకు పోతున్నరా పెండ్లికి పోతున్నరా తెల్వకుండ పులిహోర, చపాతీలు, పెరుగన్నం, మామిడికాయ తొక్కు. తెల్లటి కరాటే డ్రెస్సు మీద గొలుసులు, గాజులు. ఇంట్ల పెడితే దొంగలు పడతరని ప్రమీల కొత్త పుస్తెలతాడు వేసుకొనే వచ్చింది. ఊర్లెకు రాంగనే రైసు మిల్లుల తవుడు వాసన, రోడ్డు పొడుగూత లారీలు. భాస్కర్ ముందు సీట్ల కూసొని డ్రైవర్‌కు తొవ్వ చెప్తున్నడు, డ్రైవర్‌ది మిర్యాలగూడే.

ఫంక్షన్ హాలు ఖాళీగ, వెడల్పుగ ఉన్నది. నేల మీద తెల్ల టేపుతోని గుర్తు పెట్టిండ్రు. గాడికెళ్లి మొదలు పెట్టి గాడికే రావాలె. బల్ల ఎనుక దావీదు మాస్టర్ కూసున్నడు. అరవై దాటినయి, జుట్టు తెల్లగ, మెడల చిన్న సిలువ, చేతిల చాయ్ గ్లాసు. ఒక్కొక్కలను పిలుస్తున్నరు.

ప్రమీల పోయింది. ఆరో కదలిక కాడ మరిచిపోయి నిలబడ్డది. నవ్వింది. "సార్, బస్సుల మొత్తం వచ్చింది సార్" అన్నది. దావీదు మాస్టర్ కాగితం మీద టిక్కు పెట్టిండు. ఇంకొకామె ఐ అక్షరం బదులు గుండ్రంగ తిరిగి తలుపు కాడ తేలింది. టిక్కు. ఇంకొకామె ఫోన్ మోగితే గుద్దుకుంటనే కట్ చేసింది. టిక్కు. చాయ్ అయిపోయే వరకు పదకొండు టిక్కులు అయినయ్.

శ్రీలత ఆఖరు. గుర్తు మీద నిలబడి వంగి దండం పెట్టింది. ఎడమకు ముందు కండ్లు తిరిగినయ్, తర్వాత ఒళ్లు.

మొదటి అడ్డు పడంగనే దావీదు మాస్టర్ గ్లాసు కింద పెట్టిండు.

ఇరవై అయినయ్. ఆమె ఊపిరి వదిలి కిందికి సూసింది. తెల్ల గుర్తుకు మూరెడు అవతల ఉన్నది.

"మళ్ళీ చేయండమ్మా," అన్నడాయన.

మళ్ల చేసింది. మళ్ల మూరెడు అవతలే.

ఆయన బల్ల ఎనుకకెళ్లి లేచొచ్చిండు. వేరేటోళ్లకు ఆయన లేవలే. ఆమె రెండో అడుగు పక్కకు పోయే కాడ వచ్చి నిలబడి, నేల సూపెట్టిండు.

"ఇక్కడేముందమ్మా?"

"ఏం లేదు సార్."

"మరి దేన్ని తప్పించుకొని వెళ్తన్నారు? రెండుసార్లూ ఇక్కడే పక్కకి జరిగారు."

శ్రీలత ఆ ఖాళీ నేలను సూసింది. అప్పుడు ఎరుకైంది.

"టీపాయి సార్."

పదకొండు మంది ఒక్కసారే నవ్విండ్రు. భాస్కర్ కూడ నవ్విండు, తర్వాత తన టీపాయే అని యాదికొచ్చి ఆపిండు. దావీదు మాస్టర్ నవ్వలే.

"మీ నడుము బాగుంది. చూపు బాగుంది. ఆ టీపాయి తీసేసి మూడు నెలలాగి రండి. ఇవాళ ఇవ్వను," అన్నడు. కాగితం మీద టిక్కు పడే కాడ చిన్న గీత పెట్టిండు.

తిరుగు బస్సుల పదకొండు మంది పసుపు బెల్టులు కట్టుకొనే పులిహోర తిన్నరు. శ్రీలత పక్క సీట్లెకు ప్రమీల వచ్చింది.

"నీది ఒకటే తప్పక్కా. నువ్వు ఎక్కువ ప్రాక్టీసు చేసినవ్. నేను అసలు చెయ్యలే, సూడు, ఏ తప్పు అలవాటు కాలే."

శ్రీలతకు సిగ్గుగ ఉన్నది గని, అందరు అనుకున్నంత లేదు. లోపల ఎక్కడ్నో హుషారుగ కూడ ఉన్నది. ఇవాళ ఇవ్వను అన్నడు. మూడు నెలలాగి రమ్మన్నడు. ఇరవైల పందొమ్మిది ఉన్నయ్, ఒక్కటే లేదు.

సోమవారం బడికెళ్లి రాంగనే గరిటె కాడతోని టీపాయి కాళ్ల కింద టేపు లేపింది. గంట పట్టింది. రెండు టైల్స్ మీద మరకలు పడ్డయ్. టీపాయిని వరండాలకు గుంజి, హాలు నడుమ నిలబడ్డది. మొదటి పది సార్లు లేని టీపాయిని తప్పిచ్చుకుంటనే పోయింది. పదకొండోసారి రెండో అడుగు నేరుగ పడ్డది. బుధవారానికి కండ్లు మూసుకొని చేసినా, మొదలు పెట్టిన టైలు మీదనే వచ్చి నిలబడ్డది. మూడు నెలలు ఎందుకు, రేపు పెట్టినా పోతా అనుకున్నది.

భాస్కర్ పరేషాన్ వేరే ఉన్నది. వచ్చే ఆదివారం కాలనీల సన్మానం. పన్నెండు ఫొటోలతోని ఫ్లెక్సీ ముందే కొట్టిచ్చిండు. "మా వీర వనితలు" అని రాపిచ్చి, నడుమ పెద్ద ఫొటో తన భార్యది పెట్టిచ్చిండు. ఇప్పుడు ఆ ఫొటో ఒక్కటి ఫెయిల్. వాట్సాప్ గ్రూపుల కోశాధికారి "ఓటమి గెలుపుకు తొలి మెట్టు, శ్రీలత మేడంకు మా ధైర్యం" అని పెట్టి కింద మూడు పువ్వులు పెట్టిండు. ఆ మూడు పువ్వులు సూసి భాస్కర్ రెండు రోజులు సరిగ నిద్రపోలే.

గురువారం ఆఫీసు పని మీద అని కోదాడ పోయిండు. మల్లొచ్చేటప్పుడు పసుపు బెల్టు, సర్టిఫికెటు తెచ్చిండు.

"మాట్లాడిన," అన్నడు చెప్పులిడుసుకుంట. "ఆయనది పొరపాటట. ఇంకొకల మార్కులు నీకు పడ్డయట. మనిషి మంచోడే."

"ఆయన అట్ల అన్నడా?"

"అన్నడు గదా. గంత దూరం పోయొస్తే అబద్ధం చెప్తనా? ఇగ టీపాయి లోపల పెట్టు, వరండాల వానకు ఖరాబైతది."

"ఆయన నేల మీద నిలబడి సూపెట్టిండండీ. పొరపాటెట్లయితది?"

"నీకు పాసైనా బాధేనా? లోకమంత పాస్ కోసం తిరుగుతుంటే." భాస్కర్ నిజంగనే నొచ్చుకున్నడు. ఎండల పడి బస్సెక్కి పోయొచ్చిండు పాపం.

ఆదివారం సన్మానమైంది. శాలువాలు కప్పిండ్రు. సెక్రటరీ మాట్లాడుకుంట, ఇగ ఏ దొంగ అయినా మన కాలనీ దిక్కు సూడాలంటే వణుకుతడు అన్నడు. ఆయన మాట్లాడుతుండంగనే బయట రెండు జతల చెప్పులు పోయినయ్.

సోమవారం పొద్దుగాల శ్రీలత అందరికన్న ముందు హాలుకు పోయింది. రెడ్యా కుర్చీలు పక్కకు పెడుతున్నడు.

"మాస్టర్, ఒకసారి సూస్తవా? టీపాయి తీసిన."

కుర్చీలు జరిగిన జాగల, ఇరవైకి ఇరవై చేసింది. మొదలు పెట్టిన కాడనే వచ్చి ఆగింది. రెడ్యా కుర్చీ చేతిల పట్టుకొనే సూసిండు.

"మంచిగుంది మేడం," అన్నడు.

"మేడం అంటవేంది? తప్పు చెప్పు."

"తప్పేం లేదు మేడం."

"నిజంగ లేదా, లేదని చెప్తున్నవా?"

రెడ్యా కుర్చీ కింద పెట్టిండు.

"మీ సారు వచ్చి నాతోని మాట్లాడిండు గద. మా మేడంకు అందరి ముందల తప్పులు తియ్యొద్దు, నీకు హాలిచ్చిందే మేము అన్నడు. నాకు సాయంత్రం నలభై మంది పిల్లలున్నరు ఈ హాల్ల."

"కోదాడల దావీదు సార్ పొరపాటన్నడట గదా?"

"అట్ల ఎందుకంటడు? మీ సారును వాకిట్లకెళ్లే వాపస్ పంపిచ్చిండు. ఆ పదకొండు మందిని నేను సూడలేదయ్యా, చాయ్ తాగుకుంట టిక్కులు పెట్టిన, ఆ ఒక్కామెనే సూసిన, ఆమెను చెడగొట్టకు అన్నడట. నాకు ఫోన్ చేసి చెప్పిండు. సారు బస్టాండు కాడ దుకాణంల బెల్టు కొనుక్కొచ్చిండు. ఈడికొచ్చి సర్టిఫికెటు నాతోని రాపిచ్చిండు."

శ్రీలత నడుముకున్న బెల్టు దిక్కు సూసుకున్నది.

"ఆమెను చెడగొట్టకు అన్నడా?"

"అన్నడు. నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసిండాయన, ఇదే కటాల. నా అదృష్టం, నా తరఫున పోయి మాట్లాడేటోడు ఎవడు లేకుండె."

"అయితే మళ్ల పరీక్షకు నా పేరు రాయి. మూడు నెలలకు వస్తా. బెల్టు ఇప్పుడే ఇచ్చేస్తా."

"ఎట్ల రాస్తా మేడం? రిజిస్టర్ల మీరు పాస్. సర్టిఫికెటు మీద నా సంతకమే ఉన్నది. పాసైనోళ్లకు మళ్ల అదే పరీక్ష ఉండదు గద. మీరు టీచరు, మీకు తెల్వదా?"

ఆమెకు తెలుసు.

"పోనీ, బెల్టు కోసం కాదు, ఆయనను ఒక్కసారి సూడమను. కోదాడకే వస్తా."

"దొంగ సర్టిఫికెటు రాసినోన్ని, ఇప్పుడు నేను ఏ మొకం పెట్టుకొని ఆయనకు ఫోన్ చెయ్యాలె మేడం? మొన్నటి సంది ఆయన ఎత్తుతలేడు."

బయట నవ్వులు వినపడ్డయ్. ప్రమీల, మిగిలినోళ్లు వస్తున్నరు. ఫొటో కోసం అందరు పసుపు బెల్టులు కట్టుకొనే వచ్చిండ్రు. రెడ్యా మళ్ల కుర్చీ ఎత్తుకున్నడు.

శ్రీలత ఫోన్ మోగింది. కాలనీ గ్రూపుల భాస్కర్ మెసేజ్ పెట్టిండు. కరాటే విజయవంతంగా పూర్తి చేసుకున్న సందర్భంగా, వచ్చే నెల నుంచి పొద్దుగాల హాల్ల ఆడోళ్లకు జుంబా డ్యాన్సు పెట్టాలని సంఘం తీర్మానిచ్చిందట. దాని కింద పేర్ల లిస్టు. మొదటి పేరు శ్రీలత.